సోమశిల లెటర్‌బాక్స్ వేట: పొడుపుకథలు బాగున్నాయి, కొలతలే తేడా

పోస్టు డబ్బా అనుకునేరు, కాదు. ఇక్కడ లెటర్‌బాక్స్ అంటే ఒక స్టీలు టిఫిన్ డబ్బా. రాళ్ళ కింద దాచిపెట్టి ఉంటుంది, లోపల ఒక రబ్బరు స్టాంపు, ఒక నోటు పుస్తకం. ఆనవాళ్ళు రాసిన కాగితం మన చేతికిస్తారు, దాన్ని పట్టుకుని మనమే వెతుక్కోవాలి. దొరికితే వాళ్ళ స్టాంపు మన పుస్తకంలో, మన స్టాంపు వాళ్ళ పుస్తకంలో వేసి, డబ్బా ఎట్లా ఉందో అట్లాగే పెట్టేసి రావాలి. అంతే ఆట, బహుమతి ఏమీ ఉండదు. ఈ ముక్క మా బామ్మర్దికి ముందే చెప్పకపోవడం నా తప్పు, ఆత్మకూరు దాటేదాకా "దొరికితే ఏమిస్తారు బావా" అని అడుగుతానే ఉన్నాడు.

సోమశిల రిజర్వాయర్ దగ్గర ఈ ఆట నడుపుతున్నది కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు. సెలవుల్లో సరదాగా మొదలుపెట్టారంట, ఇప్పుడు కాగితం 100 రూపాయలకు ఇస్తున్నారు. ఇంటిల్లిపాదికీ ఒకటి చాలు కాబట్టి ధర గురించి నాకు ఫిర్యాదు లేదు. నెల్లూరు నుంచి బుచ్చి, సంగం మీదుగా ఆత్మకూరు దాకా హైవే, అక్కణ్ణించి అనంతసాగరం దారి. మేము తెల్లారే బయల్దేరి తొమ్మిదికల్లా చేరాం, డబ్బా దొరికేసరికి ఒంటిగంట దాటింది. వాళ్ళేమో కాగితం మీద "గంటన్నర" అని రాశారు.

అసలు ఈ ఆట పుట్టింది ఇంగ్లండులో, డార్ట్‌మూర్ అనే బీడు కొండల్లో. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ అనే బురద మడుగు దగ్గర ఒక సీసా పెట్టి, అంత దూరం నడిచొచ్చినవాళ్ళను విజిటింగ్ కార్డు అందులో వేసి పొమ్మన్నాడు. తర్వాత్తర్వాత జనం ఉత్తరాలు, కార్డులు వదిలి రావడం, వెనకొచ్చినవాళ్ళు వాటిని తీసుకెళ్ళి పోస్టు చెయ్యడం అలవాటైంది, ఆ పేరు అట్లా వచ్చింది. 2000లో మొదలైన జియోకాషింగ్ వేరే, అది జీపీఎస్ చెప్పిన చోటికి పోయి వెతకడం. నాకైతే ఫోను జేబులో పెట్టి చెట్లూ రాళ్ళూ చూసుకుంటూ పోయే ఇదే నచ్చింది.

మొదటి ఆనవాలు నిజంగా బాగుంది. "ముగ్గురు అన్నదమ్ములు, పెద్దోడికి తల లేదు, వాడి కాళ్ళ దగ్గర మొదలుపెట్టు." నేనూ బామ్మర్దీ విగ్రహాల కోసం, సమాధుల కోసం అరగంట తిరిగాం. మా పాప కారు దిగకుండానే "అవిగో తాడిచెట్లు" అంది. మూడు తాడిచెట్లు, అన్నింటికంటే పొడుగుది పిడుగు పడి మొండిగా నిలబడి ఉంది. ఇట్లాంటివి ఇంకో నాలుగు రాసుంటే ఈ కాగితానికి 200 ఇచ్చినా తప్పులేదు.

రెండోదాంతో తగువు మొదలైంది. "తెల్లరాయి నుంచి 240 డిగ్రీల వైపు 60 అడుగులు." అడుగులంటే ఏ అడుగులు? టేపుతో కొలిచే అడుగులా, కాలితో వేసే అడుగులా? టేపు లెక్కన 18 మీటర్లు, నడక లెక్కన నలభై మీటర్ల పైమాటే. నడకే అనుకున్నా ఎవరి నడక? నాది, పాపది, ఆరడుగుల మా బామ్మర్దిది మూడు చోట్ల తేలాయి, మూడు చోట్లా కంప తప్ప ఏమీ లేదు. ఇంగ్లీషులో ఆడేవాళ్ళకు కొలతకో మాట, నడకకో మాట ఉన్నాయి, మనకు రెంటికీ ఒకటే మాట. "అంగలు" అని రాసుంటే సగం గొడవ తీరిపోయేది. దీనికి తోడు కంపాసు ఒకసారి చూపిన దిక్కు ఇంకోసారి చూపలేదు, కాగితం రాసినవాళ్ళని కాసేపు తిట్టుకున్నాక తెలిసింది, నా ఫోను కవరుకు అయస్కాంతం గుండీ ఉంది, ఆ ఫోను చొక్కా జేబులో ఉంది. అది మాత్రం నా వంతు. ఫోను కారులో పెట్టేసి వచ్చాక ముల్లు బుద్ధిగా నిలబడింది.

మూడోది చూసి మాత్రం నాకు కోపమే వచ్చింది. "నీటి అంచు నుంచి గట్టు పైకి 40 అడుగులు, జంట గుండ్ల సందు." ఈ కాగితం మే నెలలో రాశారంట, మేము వెళ్ళింది డిసెంబరులో. 78 టీఎంసీలు పట్టే జలాశయం పక్కన కూర్చుని నీటి అంచును గుర్తుగా పెట్టుకునేవాళ్ళను ఏమనాలి? మన జిల్లాకు వానలు పడేదే అక్టోబరు నుంచి, పైన కడప వైపు పెన్నా, చెయ్యేరు పొంగితే ఆ నీళ్ళన్నీ వచ్చేది ఇక్కడికే. 2021 నవంబరులో పైన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఇక్కడ డ్యామ్ కింది ఆప్రాన్, అంటే గేట్ల నుంచి దూకే నీళ్ళకు నేల కోసుకుపోకుండా వేసిన కాంక్రీటు పరుపు, అది కూడా దెబ్బతింది, అంత నీళ్ళొచ్చే చోటు ఇది. మే నెల అంచు ఇప్పుడు నీళ్ళ అడుగున ఎక్కడో ఉంది.

మేము కాగితం, కంపాసు పట్టుకుని అడుగులు లెక్కబెడుతుంటే గొర్రెలు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు చూశాడు.

"ఏందబ్బయా, లంకెబిందెలకా?"

కాదు తాతా, ఆట అన్నాను. నమ్మలేదు. నమ్మేట్టు కూడా లేము, మన వైపు కాగితం చూసుకుంటూ రాళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు ఇంకెందుకు తిరుగుతారు? "ఆ పని మీదొచ్చేటోళ్ళు రేత్రిళ్ళు వస్తారు, మీరేంది పట్టపగలు, బిడ్డను గూడా తీసకచ్చినారు" అని ఆశ్చర్యపోయాడు. బామ్మర్ది టెన్షన్ పడిపోయి ఎవరికైనా ఫోన్ చేస్తాడేమో పోదాం పద అంటాడు. చివరికి మా పాప కాగితం మొత్తం ఆయనకు చదివి వినిపించింది. నీటి అంచు అన్న మాట దగ్గర ఆయన నవ్వి, ఎండాకాలంలో గొర్రెలకు నీళ్ళు తాపింది ఎక్కడో, అక్కణ్ణించి పైకి జంట గుండ్లు ఎటో చెప్పి, తనే ముందు నడిచాడు. సందులో చెయ్యి పెట్టబోతే ఆపి కర్రతో రెండు సార్లు కదిలించాడు. మీరూ ఆ పని చెయ్యండి, రాళ్ళ సందుల్లో ఏముంటుందో తెలీదు. కాగితంలో ఈ జాగ్రత్త ఒక్క ముక్క రాయలేదు.

డబ్బా లోపల తడి లేదు, రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి చక్కగా పెట్టారు. స్టాంపు ఎరేజరు మీద చేత్తో చెక్కింది, చేప బొమ్మ ముద్దుగా ఉంది, కింద "సోమశిల" అని అక్షరాలు. తిరగేసి చెక్కాలన్న సంగతి మరిచినట్టున్నారు, అచ్చేస్తే అద్దంలో చూసినట్టు పడింది. పాపకు అదే బాగా నచ్చింది. పుస్తకంలో మా ముందు పదకొండు మంది ఉన్నారు, అందరూ జూన్ లోపు వచ్చినవాళ్ళే. ఎందుకో నేను చెప్పనక్కర్లేదు.

మా స్టాంపు వేస్తుంటే పెద్దాయన దగ్గరికొచ్చి, "నాది గూడా ఎయ్యనా" అని అడిగి, ప్యాడు మీద బొటనవేలు అద్ది మా పేర్ల పక్కన వేశాడు.

ఐదుకు మూడు ఇస్తున్నా. మూడో ఆనవాలు మారిస్తే నాలుగు. కుర్రాళ్ళకు ఫోన్ చేసి చెప్పాను, మారుస్తాం సార్ అన్నారు, అప్పటిదాకా ఎండాకాలంలోనే వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి, పిల్లల్ని నీళ్ళ దగ్గరికి దిగనివ్వకండి. డబ్బాలో ఉన్న స్టాంపు ప్యాడు ఎండిపోయింది, మేము వాడింది మా సొంతది. మీరూ ఒకటి జేబులో వేసుకోండి.