ఫర్నిచర్ షాపుల వాళ్ళకి హెచ్చరిక: ఏఆర్ యాప్ డెమో చూసి అడ్వాన్సు ఇవ్వకండి, వెనక సర్వర్ ఏం చేస్తోందో అడగండి

రాజమండ్రిలో మాది టేకు ఫర్నిచర్ షాపు. నాన్నగారు పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. "మా సోఫా మీ హాల్లో ఎలా ఉంటుందో మీ ఫోన్లోనే చూసుకోండి" అనే ఏఆర్ యాప్ కోసం పోయినేడు 5 లక్షల 60 వేలు పెట్టాను. పోయింది డబ్బొక్కటే అయితే ఊరుకునేవాణ్ణి. మా కస్టమర్ల ఇళ్ళ లోపలి ఫోటోలు, లింకు తెలిస్తే ఎవరైనా తెరిచి చూడగలిగే చోట నెలల తరబడి పడి ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కంపెనీ పేరు రాయడం లేదు, లాయరు నోటీసు నడుస్తోంది. ఇదే పని ఇదే పద్ధతిలో చేసేవాళ్ళు ఇంకా ఉంటారు, కాబట్టి పేరు కంటే పద్ధతి తెలుసుకోవడమే మీకు అవసరం.

ఎందుకు తీసుకున్నానో ముందు చెప్తాను. ఐకియా వాళ్ళు ఇలాంటి యాప్ 2017లోనే తెచ్చారు. 2018 ఆగస్టులో హైదరాబాదులో వాళ్ళ షోరూం తెరిచాక మా దగ్గరకొచ్చే కుర్రకారు "మీకు అలాంటిది లేదా అంకుల్" అని అడగడం మొదలుపెట్టారు. మాకు ఇంకో బాధ కూడా ఉంది. మూడు తలుపుల బీరువానో పందిరి మంచమో ఇంటికి పంపాక గదిలో పట్టలేదని వెనక్కొస్తే బండి కిరాయి, హమాలీల కూలీ మేమే పెట్టుకోవాలి. ముందే ఫోన్లో కొలత చూసుకుంటే ఆ తిప్పలు ఉండవు కదా అనుకున్నాను. ఆ ఆలోచన ఇప్పటికీ తప్పని అనుకోవడం లేదు.

డెమో మా షాపులోనే చేశారు. కొత్త ఫోను, ఒక్కటే సోఫా. నేల మీద పెట్టగానే అతికినట్టు నిలబడింది. నాన్నగారు కుర్చీలోంచి లేచి వచ్చి దాని చుట్టూ తిరిగి చూశారు. పక్కన బల్ల మీద వాళ్ళ ల్యాప్‌టాప్ ఒకటి తెరిచి ఉంది, ఎందుకని నేను అడగలేదు. ఆ రోజు సర్వర్ ఆ ల్యాప్‌టాపే అని, మా వైఫైలోనే నడిచిందని చాలా నెలల తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు.

శ్రావణ మాసం పెళ్ళిళ్ళకి ముందు యాప్ విడుదల చేశాం. మొదటి వారంలోనే ఫోన్లు మొదలయ్యాయి. మంచం గాల్లో తేలుతోందని ఒకరు, ఫోను కదిపితే సోఫా జారిపోతోందని ఒకరు. ధవళేశ్వరంలో ఒకావిడ దివాన్ కాట్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంది, ఆవిడ విసిగి యాప్ తీసేశారు. ఐఫోను ఉన్న వాళ్ళకి ఆరడుగుల డైనింగ్ టేబుల్ బొటనవేలి గోరంత కనిపించింది. కంపెనీకి ఫోను చేస్తే "మీ ఊళ్ళో నెట్ స్లో అండీ" అన్నారు. నేనూ నమ్మాను.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనకోడలు దసరాకి వచ్చింది. రెండు రోజులు కూర్చుని యాప్ ఎవరితో ఏం మాట్లాడుతోందో మొత్తం చూసింది. "మావయ్యా, నెట్ తప్పు కాదు. ఫోను చెయ్యాల్సిన పనిని వీళ్ళు అమెరికాలో సర్వర్‌కి పంపిస్తున్నారు" అంది.

అది చెప్పింది చెప్పినట్టు రాస్తాను. తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో బొమ్మకి దొరికే టైము సుమారు 16 మిల్లీసెకన్లు. నేల ఎక్కడుంది, ఫోను ఎటు తిరిగింది అన్న లెక్క ఆ లోపలే తేలాలి, కాబట్టి అది ఫోన్లోనే జరగాలి. ఆపిల్ వాళ్ళ ఏఆర్‌కిట్ 2017 నుంచి, గూగుల్ వాళ్ళ ఏఆర్‌కోర్ 2018 నుంచి ఈ పని ఫోన్లోనే చేస్తున్నాయి. మాకు యాప్ చేసిన కంపెనీ ఏం చేసిందంటే, పాత ప్రాజెక్టు కోసం రాసుకున్న సర్వీసునే తెచ్చి మాకు తగిలించింది. కస్టమర్ తెర మీద వేలు పెట్టిన ప్రతిసారీ గది ఫోటో తీసి సర్వర్‌కి పంపడం, నేల ఎక్కడుందో అది చెప్పాక బొమ్మ పెట్టడం. ఆ సర్వర్ అమెరికాలో వర్జీనియాలో ఉంది. అక్కడికి వెళ్ళి రావడానికే సుమారు 200 మిల్లీసెకన్లు, మొబైల్ డేటాలో ఇంకా ఎక్కువ. జవాబు వచ్చేలోపు చెయ్యి కదిలిపోతుంది, మంచం తేలిపోతుంది. అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాదులోనే 2022 నవంబరు నుంచి సర్వర్ కేంద్రాలున్నాయి. వీళ్ళకి అవి కూడా గుర్తు రాలేదు.

ఇక ఆ ఫోటోల సంగతి. పంపినవి పంపినట్టే సర్వర్‌లో ఒక ఫోల్డర్లో పేరుకుపోయాయి. తాళం లేదు. ఫైలు పేరులో కస్టమర్ ఫోను నంబరు ఉంది. మేనకోడలు ఒక లింకు తెరిచి తెర నా వైపు తిప్పింది. మా నాన్నగారి కాలం నుంచి మా దగ్గరే కొంటున్న వాళ్ళ హాలు అది. గోడ మీద పెద్దాయన ఫోటోకి దండ, కింద చాప మీద పిల్లాడు పడుకుని ఉన్నాడు. నేను వెంటనే మూసెయ్యమన్నాను. మంచం ఎక్కడ వెయ్యాలో చూసుకుందామని వాళ్ళు ఫోను పట్టుకున్నారు, అంతే. ఫోటో తీస్తున్నామని గానీ, ఎక్కడికో పంపుతున్నామని గానీ యాప్ ఒక్క ముక్క చెప్పలేదు.

మనవాళ్ళు చాలామంది అనుకునేది, తప్పు కంపెనీది కాబట్టి బాధ్యత కూడా కంపెనీదే అని. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అలా అనడం లేదు. మన తరఫున ఇంకొకరు డేటా నడిపినా జవాబు చెప్పాల్సింది మనమే, కంపెనీతో ఏం రాసుకున్నా సరే. డేటాకి తగిన భద్రత పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల వరకు వెయ్యొచ్చని అందులో ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. మనలాంటి చిన్న షాపుకి ఎంత వేస్తారన్నది పక్కన పెట్టండి. బిల్లు మీద ఉన్నది మన షాపు పేరు, కస్టమర్ నమ్మింది మనల్ని.

మిగతా లోపాలు దీని ముందు చిన్నవే, కానీ డబ్బు తినేసినవి అవే. దివాన్ కాట్ త్రీడీ మోడల్ 62 ఎంబీ. కుదించే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నా ఒక్కటీ వాడలేదు. ఒకసారి దిగిన మోడల్‌ని ఫోన్లో దాచుకోమని చెప్పలేదు, తెరిచిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి దిగుతుంది. ఒక్క కుర్చీ చూడాలన్నా మా 180 వస్తువుల జాబితా మొత్తం ముందు రావాలి. గోరంత టేబుల్ కథ ఏంటంటే, ఆండ్రాయిడ్‌కి పంపే జీఎల్‌బీ ఫైలులో కొలత మీటర్లలో ఉంటుంది. ఐఫోనుకి పంపే యూఎస్‌డీజెడ్ ఫైలులో యూనిట్ ఏదో రాయకపోతే సెంటీమీటరు అనుకుంటుంది. 1.83 మీటర్ల టేబుల్ 1.83 సెంటీమీటర్లయింది. ఐఫోన్లో ఒక్కసారి తెరిచి చూసినా ఇది వెంటనే బయటపడేది.

ఇంకోటి, "గదిని గుర్తుంచుకుంటుంది" అని అమ్మారు. ఈ రోజు మీరు పెట్టిన మంచం రేపు మీ ఆయన చూసినా అదే చోట ఉంటుంది అన్నారు. మర్నాటికి మాయం. ఏఆర్‌కోర్‌లో దీన్ని క్లౌడ్ యాంకర్ అంటారట. ఉత్త ఏపీఐ కీ (సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే కోడు) పెట్టి వాడితే ఆ గుర్తు బతికేది ఒక్క రోజే. 365 రోజుల వరకు ఉండాలంటే వేరే పద్ధతిలో అనుమతి ఏర్పాటు చెయ్యాలి, అది వీళ్ళు చెయ్యలేదు. ఐఫోన్ల కోసం అని కొటేషన్లో రాసింది ఇదే పని చేసే మైక్రోసాఫ్ట్ వాళ్ళ అజూర్ స్పేషియల్ యాంకర్స్. అది 2024 నవంబరు 20న మూతపడింది. మూతపడిన సర్వీసు పేరు చూపించి మా దగ్గర డబ్బు తీసుకున్నారు. ఈ రంగంలో ఇలా మూసెయ్యడం మామూలే. త్రీడీ మోడళ్ళు దొరికే గూగుల్ పాలీ 2021 జూన్‌లో, ఏఆర్ ఎఫెక్టులు చేసుకునే మెటా స్పార్క్ 2025 జనవరిలో పోయాయి. కొటేషన్లో బయటి సర్వీసు పేరు ఏది కనిపించినా అది ఇప్పుడు నడుస్తోందో లేదో అదే రోజు వెతికి చూడండి, రేపు మూస్తే ఏం చేస్తారో రాయించుకోండి.

గొడవ పెట్టి ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఖర్చు) ఆపాను. మర్నాడు సర్వర్ ఆపేశారు, యాప్ తెరిస్తే తెల్ల తెర. ప్లే స్టోర్ ఖాతా వాళ్ళ పేరు మీదే ఉంది, డొమైన్ (వెబ్ చిరునామా) కూడా. పోనీ మోడళ్ళు ఇవ్వండి, డబ్బు కట్టాం కదా అంటే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టిన బండిళ్ళు పంపారు, అవి ఇంకొకరు తెరిచి వాడుకునే రూపంలో లేవు. అసలు ఫైళ్ళ మీద హక్కు తమదే అన్నారు. లాయరు గారు 1957 కాపీరైట్ చట్టం తీసి చూపించారు. మనం డబ్బిచ్చి రాయించుకున్నంత మాత్రాన సాఫ్ట్‌వేర్ మనదైపోదు. హక్కు బదిలీ కాగితం మీద రాసి సంతకం చెయ్యాలి. అందులో ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళే, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. నా దగ్గరున్నవి జీఎస్టీ బిల్లు, వాట్సాప్ మెసేజీలు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామంటే, వ్యాపారం కోసం కొన్న సేవ అక్కడ మామూలుగా చెల్లదట, సొంతంగా పని చేసుకుని పొట్టపోసుకునే వాళ్ళకే మినహాయింపు. మాకు ఎనిమిది మంది పనివాళ్ళున్నారు.

కొనబోయే వాళ్ళు చెయ్యాల్సిన పరీక్ష ఒకటి మేనకోడలు నేర్పింది, పైసా ఖర్చు లేదు. వస్తువు తెర మీదకి వచ్చాక ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. చుట్టూ నడవండి, కొత్త చోట మళ్ళీ పెట్టండి. సోఫా కదలకుండా నిలబడితే లెక్క ఫోన్లోనే జరుగుతోంది. ఆగిపోయినా తేలిపోయినా మీ కస్టమర్ల గదుల ఫోటోలు ఎక్కడికో వెళ్తున్నాయేమో గట్టిగా అడగండి. ఈ పరీక్ష వాళ్ళ ఫోన్లో చెయ్యకండి. మీ షాపులో గుమాస్తా ఫోన్లో, వైఫై ఆపి మొబైల్ డేటాతో, ఇంతకు ముందు తెరవని వస్తువుతో చెయ్యండి. ఏఆర్‌కోర్ అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పని చెయ్యదు, కాబట్టి మీ కస్టమర్లు వాడే మోడళ్ళు గూగుల్ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. మోడళ్ళు జీఎల్‌బీలో మీ చేతికి ఇచ్చాకే చివరి వాయిదా. అది 2022లో ఐఎస్ఓ ప్రమాణమైంది, ఇంకో కంపెనీ ఎవరైనా వాడుకోగలరు. సర్వర్, డొమైన్, స్టోర్ ఖాతా మొదటి రోజు నుంచీ మీ పేరు మీద, మీ మెయిల్ మీద ఉండాలి. దీనికి ఒప్పుకోని వాళ్ళతో బేరం వద్దు, ఎంత తగ్గించినా సరే.

అసలు మనలాంటి షాపుకి యాప్ అక్కర్లేదని ఇప్పుడు నా అభిప్రాయం. మేనకోడలు మా వెబ్‌సైట్‌లోనే మోడల్ వ్యూయర్ అనే ఉచిత పరికరం పెట్టింది. ఆండ్రాయిడ్‌లో ఒక ఫైలు, ఐఫోన్లో ఇంకో ఫైలు తెరుచుకుంటుంది, నేల వెతకడం ఫోనే చూసుకుంటుంది. ఫోటో మా దగ్గరికి రాదు. ప్రస్తుతం 22 వస్తువులున్నాయి, ఒక్కోటి 4 ఎంబీ లోపే. మోడళ్ళు కొత్తగా చేయించడానికి ఖర్చయింది, అది తప్పలేదు.

ఆ ఫోల్డర్ మూసేశామని, ఫోటోలు చెరిపేశామని కంపెనీ మెయిల్ పెట్టింది. పాత లింకులు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. కాపీలు ఎక్కడైనా మిగిలాయా అన్నదానికి సంతకంతో జవాబు కావాలని నోటీసులో అడిగాం, ఇంకా రాలేదు. ఫోను నంబర్లను బట్టి 41 ఇళ్ళు తేలాయి. 38 ఇళ్ళకి నేనే ఫోను చేసి జరిగింది చెప్పి క్షమించమన్నాను. మిగతా మూడు ఇళ్ళ వాళ్ళు ఎత్తలేదు, ఈ ఆదివారం నాన్నగారూ నేనూ వాళ్ళ ఇళ్ళకే వెళ్తున్నాం.