కీచురాయి తుడిచేసుకున్న కాల్షియం: మూడేళ్ల వాడకం తర్వాత

పెంపుడు బల్లికి వేసే పురుగుల మీద చల్లే ఈ కాల్షియం పొడికి రెండేళ్ల కిందట నేనే ఐదు స్టార్లు ఇచ్చాను. మెత్తగా ఉంటుందని, వాసన లేదని, పురుగుకి బాగా అంటుకుంటుందని రాశాను. మొదటి రెండు మాటలూ ఇప్పటికీ నిజమే. మూడోదాని గురించే మళ్లీ రాస్తున్నాను.

మా లెపర్డ్ గెకో (ఇంట్లో పెంచుకునే ఒక రకం బల్లి) పేరు బొబ్బట్టు. పసుపు ఒంటి మీద పెనం మీద కాలిన మచ్చల్లా గోధుమరంగు చుక్కలు ఉంటాయని మా అమ్మాయి పెట్టిన పేరు. మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. దీన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం. అది ఉండే గాజు ట్యాంకు, హీటు వగైరా పెంచేవాళ్లందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను.

నా పద్ధతి ఒకటే. కీచురాళ్లను కవర్లో వేసి, చిటికెడు పొడి చల్లి ఊపేదాన్ని. పొడి పిండిలో దొర్లించిన చపాతీ ఉండల్లా తెల్లగా అయ్యేవి. ట్యాంకులో వదిలి, లైటు ఆపి పడుకునేదాన్ని. పొద్దున్నే చూస్తే ఒక్కటీ మిగిలేది కాదు. ఇంకేం కావాలి అనుకున్నాను.

నిరుడు మార్చిలో ఒక రాత్రి అది రాయి మీంచి దిగుతుంటే కుడి ముందు కాలి వేళ్లు వణికాయి. చలికి కాదు, కింద వెచ్చగానే ఉంది. ఫోన్ లైటు కాస్త దూరంగా పట్టుకుని చూశాను. అడుగు వేసినప్పుడల్లా ఆ ఒక్క పాదం మీటి వదిలిన తీగలా అదురుతోంది. ఎప్పుడూ పొట్ట పైకెత్తి నడిచేది, ఆ రోజు ఈడ్చుకుంటూ నడిచింది. ఎదురుగా ఉన్న కీచురాయి మీదికి దూకింది, అందలేదు. రెండోసారి ప్రయత్నించకుండా గూట్లోకి వెళ్లిపోయింది. అలా వెనక్కి తిరగడం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

బల్లులు, పాములు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్స్‌రేలో ఎముకలు ఉండాల్సినంత తెల్లగా లేవు. ఆవిడ బొబ్బట్టు దవడ నెమ్మదిగా నొక్కి చూసి, ఇంకా గట్టిగానే ఉంది, సమయానికి తెచ్చారు అన్నారు. మెటబాలిక్ బోన్ డిసీజ్, అంటే ఎముకలు బలహీనపడే జబ్బు, తొలి దశ. కీచురాళ్లలో, మీల్‌వర్మ్‌లలో (మేతగా వేసే ఒక రకం పెంకుపురుగు పిల్లలు) కాల్షియం కన్నా భాస్వరం చాలా ఎక్కువ. పైనుంచి మనం కాల్షియం కలపకపోతే ఒళ్లు తన ఎముకల్లోంచే తీసుకుంటుంది. "పొడి వేయని రోజు లేదండీ" అన్నాను. "మీరు వదిలాక ఎంతసేపటికి తింటుంది?" అని అడిగారు. నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి ట్యాంకు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. తొమ్మిదింటికి ఆరు కీచురాళ్లు వదిలాను. ఒకటి అద్దం పక్కకే వచ్చి ఆగింది. ముందు కాలితో ఒక మీసం వంచి నోట్లో పెట్టుకుని, మొదలు నుంచి కొస దాకా లాగింది. తర్వాత రెండో మీసం. తర్వాత కాళ్లు, ఒక్కొక్కటీ. కాసేపటికి మీసాలు ఎప్పటిలా మెరుస్తున్నాయి, రెక్కల మడతలో మాత్రం కాస్త తెలుపు మిగిలింది. బొబ్బట్టు గూట్లోంచి తల బయటపెట్టేసరికి పది దాటింది.

డబ్బా మీద "పురుగుకి అంటుకుంటుంది" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎంతసేపు అంటుకుని ఉంటుందో ఎక్కడా లేదు. నా కోపమల్లా దాని మీదే. వదిలిన వెంటనే తినేలా చూడండి అని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ ఎక్స్‌రే ఉండేది కాదు. ఇంకోటి, విటమిన్ డి3 (కాల్షియం ఒంటికి పట్టేలా చేసేది) కలిపిన పొడి మూత తీశాక ఆరు నెలలకోసారి మార్చమన్నారు వెట్. ఒక్క గెకో ఉన్న ఇంట్లో అంత పెద్ద డబ్బా రెండేళ్లయినా అయిపోదు. నేను అదే డబ్బా వాడుతూ వచ్చాను.

కొన్ని వారాలు సిరప్ చుక్కలు వేశాం. ట్యాంకు పైన యూవీబీ ట్యూబు పెట్టాం, ఆ అతినీలలోహిత కాంతికి ఒంట్లోనే డి3 తయారవుతుంది. ఇప్పుడు పట్టకారుతో ఒక్కో పురుగునీ పొడిలో అద్ది నేరుగా నోటి దగ్గర పెడుతున్నాను. మీల్‌వర్మ్‌లైతే అంచులు నున్నగా ఉన్న గిన్నెలో పొడితో పాటు వేస్తాను, ఎక్కి పోలేవు. యూవీబీ వచ్చాక డి3 ఉన్న పొడి తగ్గించి, ఎక్కువసార్లు ఉత్త కాల్షియమే వాడుతున్నాం. డి3 మోతాదు మించితే కాల్షియం మెత్తటి అవయవాల్లో పేరుకుంటుంది, అదీ ప్రమాదమే. కీచురాళ్లు తిన్నది బొబ్బట్టుకే చేరుతుంది కాబట్టి, వాటికి ముందు రోజే క్యారెట్, ఆవాకు పెడతాను. పాలకూర, తోటకూర మాత్రం పెట్టను. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి.

గుంటూరు నుంచి అమ్మ వచ్చినప్పుడు ఇదంతా చూసి, "తమలపాకులో రాసే సున్నం కాస్త అద్దితే పోలా?" అంది. కంగారుపడి ఆపాను. ఆ తడి సున్నం నోరు కాల్చేస్తుంది. మనం వేసేది కాల్షియం కార్బొనేట్, సుద్ద లాంటిది. రెంటిలోనూ కాల్షియమే కదా అని ఎవరైనా ఆ పని చేస్తారేమోనని ఇక్కడ రాస్తున్నాను.

నేను అనుకోకుండా సంతోషపడింది బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాల (ఒక రకం ఈగ పిల్లపురుగుల) విషయంలో. పొడి అద్దకుండానే వాటి ఒంట్లో కాల్షియం బాగా ఉంటుంది, తుడిచేసుకునే బాధ లేదు. కాకపోతే తోలు గట్టిది. మొదట్లో ఒకటి రెండు అరగకుండా అలాగే బయటికి వచ్చాయి, ఇప్పుడు సూదితో చిన్న గాటు పెట్టి ఇస్తున్నాను. మా అమ్మాయికి ఆ పని చూడటం ఇష్టం లేదు.

పొడిని తిట్టి పారేయడం లేదు. నోటికి అందించే ఓపిక ఉంటే మంచి పొడే, మూడు స్టార్లు ఇస్తాను. మాది ఒక్క గెకో, నేను ఇంటి నుంచి పని చేస్తాను, సాయంత్రాలు తీరిక ఉంటుంది. పది గెకోలున్నవాళ్లకు ఈ పట్టకారు పద్ధతి కుదరకపోవచ్చు. వాళ్లకు గిన్నె, లార్వాలే నయమనుకుంటాను.

బొబ్బట్టు బరువు 48 గ్రాముల నుంచి 61కి వచ్చింది. వణుకు పోయింది. కుడి పాదంలో చివరి వేలు మాత్రం కాస్త వంకరగానే ఉంది, అది ఇక సరికాదన్నారు. నిన్న మళ్లీ పొడి ఆర్డర్ పెట్టాను, ఈసారి అన్నిటికన్నా చిన్న డబ్బా. మూత మీద తెరిచిన తేదీ రాయడానికి మార్కర్ పెన్ను పక్కనే పెట్టుకున్నాను.