పండగ రోజుల్లో లారీ వంట: 5 కిలోల సిలిండరు, ఒంటి పొయ్యి ఎలా ఉన్నాయి?

కనుమ నాడు కాకైనా కదలదంటారు గానీ పాల బండి, కోళ్ల బండి, కూరగాయల లోడు కదలక తప్పదు. భోగి నుంచి మూడు రోజులూ హైవే హోటళ్లలో వంటవాళ్లు ఊళ్లకు పోతారు. తెరిచి ఉన్న ఒకటీ అరా హోటళ్ల ముందు కార్లు నిండిపోయి లారీ ఆపే జాగా దొరకదు. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బారులు తీరితే తిండి వేళ ఎటో పోతుంది. అందుకే బండిలో సొంత పొయ్యి ఉండాలి. ప్రస్తుతం దొరికేవాటిలో ఆయిల్ కంపెనీలు అమ్మే 5 కిలోల సిలిండరే కొనదగ్గది. ఇండేన్ దాని పేరు ‘ఛోటు’, హెచ్‌పీ దాని పేరు ‘అప్పు’. అడ్రస్ ప్రూఫ్ అడగరు, గుర్తింపు కార్డు ఒకటి చాలు. గ్యాస్ ఏజెన్సీల్లోనూ కొన్ని బంకుల్లోనూ ఇస్తారు. ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవచ్చు, కాకపోతే ఏ కంపెనీది ఆ కంపెనీ దగ్గరే. ఎక్కువగా తిరిగే రూట్లో ఎవరి బంకులు ఎక్కువున్నాయో చూసి కొనండి.

రోడ్డు పక్క షాపుల్లో దొరికే, నెత్తిన బర్నర్ బిగించిన చిన్న సిలిండరు చవకే. దాని జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంటి సిలిండరు నుంచి అంచనాగా గ్యాస్ ఎక్కిస్తారు, పైన ఖాళీ వదలరు. ఎండకు లోపలి గ్యాస్ వ్యాకోచించడానికి చోటుండదు. పైగా మంట సరిగ్గా వాల్వు మీదే మండుతుంది, బరువైన గిన్నె పెడితే మొత్తం ఒరుగుతుంది.

తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే మూడు చూడాలి. సిలిండరు మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 5 కిలోలు కలిపితే ఎంతో అంత తూగాలి. పిడి దగ్గర ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి, అది సిలిండరును మళ్లీ పరీక్షించాల్సిన గడువు. ఎ అంటే జనవరి–మార్చి, డి అంటే అక్టోబర్–డిసెంబర్. ఆ గడువు దాటినది వద్దనండి. మూడోది, మూత తీసి ఫోన్ లైటు వేసి వాల్వు లోపల నల్ల రబ్బరు రింగు చూడాలి. అది చిట్లినా, అసలు లేకపోయినా రెగ్యులేటర్ పెట్టగానే బుస్సుమంటుంది. రెగ్యులేటర్ కూడా అక్కడే కొనండి. పాతదేదో తెచ్చి బలవంతంగా నొక్కితే ఆ రింగే ముందు పోతుంది.

పొయ్యి విషయంలో రేకుది తేలిక, అదే దాని లోపం. కుక్కర్ పెడితే ఊగుతుంది. పోత ఇనుముది ఒంటి బర్నర్, ఐఎస్ఐ గుర్తున్న సురక్షా పైపు మీటరున్నర లోపు ఉంటే చాలు. ఇంట్లో అయిదేళ్లు వచ్చే పైపు లారీలో అన్నాళ్లు నమ్మదగింది కాదు. డీజిలు మరకకు, ఒరిపిడికి ముందే పగులుతుంది. ఏటా మార్చడం మేలు. మంట పసుపుగా వచ్చి గిన్నె మసిబారిందంటే గాలి కన్నంలో దుమ్ము చేరిందన్నమాట, పాత బ్రష్‌తో తుడిస్తే నీలం మంట వస్తుంది. అన్నం పొంగి బర్నర్ రంధ్రాలు పూడితే పిన్ను చాలు.

గ్యాస్ ఎన్నాళ్లొస్తుంది? మామూలు బర్నర్ పూర్తి మంట మీద గంటకు 150 గ్రాములకు కాస్త అటూఇటుగా తాగుతుంది, అంటే సుమారు ముప్ఫై గంటలు. ఇద్దరికి రోజుకు గంటన్నర వంట అనుకుంటే ఇరవై రోజులు. గాలికి అడ్డం లేకపోతే ఈ లెక్క పనికిరాదు. పొయ్యికి మూడువైపులా రేకు నిలబెట్టండి, పట్టా కప్పొద్దు. అయిదు లీటర్ల కుక్కర్లో కింద పప్పు, పై గిన్నెలో బియ్యం పెడితే ఒకే మంటకు రెండూ అవుతాయి. నాగపూర్ దాటాక జనవరి చలిలో, గ్యాస్ తగ్గినప్పుడు పెద్ద మంట పెడితే సిలిండరు చెమర్చి మంట కుంగుతుంది. మంట తగ్గించి వండుకోవాలి గానీ సిలిండరును వేడి చేయకూడదు.

ఎక్కడ పెట్టాలన్నదే దీనితో అసలు తలనొప్పి. లారీలో దీనికంటూ చోటు లేదు. సీటు వెనక పెట్టేవాళ్లే ఎక్కువ, అదే తప్పు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే క్యాబిన్ అడుగున పేరుకుంటుంది. బ్యాటరీలు లేని వైపు, గాలి ఆడే టూల్ బాక్సులో నిలువుగా తాడేసి కట్టాలి. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసి మూత బిగించాలి. పడుకోబెట్టి వాడితే ద్రవం పైపులోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. అద్దాలెత్తిన క్యాబిన్లో పొయ్యి వెలిగిస్తే మంటే అంటుకోనక్కర్లేదు, ఆ పొగలో విషవాయువే ప్రాణం తీస్తుంది. లీకు అనుమానముంటే సబ్బు నురగ రాసి చూడండి, అగ్గిపుల్లతో కాదు. అత్యవసర నంబరు 1906.

సిలిండరు బంకులోనే అమ్ముతారు, వంట మాత్రం బంకు ఆవరణలో కుదరదు! అప్నా ఘర్ (లారీ డ్రైవర్ల విశ్రాంతి కేంద్రం) ఉన్న బంకుల్లో వంటకు విడిగా చోటు, స్నానానికి తొట్టి, పడకలు ఉంటాయి. రూట్లో ఉంటే మజిలీ అక్కడే వేసుకోండి. పెట్రోలు, కెమికల్ ట్యాంకర్లవాళ్లు మాత్రం ఈ పొయ్యి కొననే వద్దు. వాళ్లకు అటుకులు, సకినాలు, ఇంటి క్యారేజీయే దారి.