జాజ్, కర్ణాటకం కలిపి వాయించే చిన్న బృందానికి మృదంగం మేలా, డ్రమ్స్ మేలా?

మా బృందంలో నలుగురం. వయొలిన్ నాది. మిగతా ముగ్గురివి పియానో, సాక్సఫోన్, బేస్ గిటార్. ఆదివారం ఆదివారం పద్మారావు నగర్‌లో పియానో ఉన్న ఇంట్లో కలుస్తాం. లయ చూసుకునే అయిదో మనిషి కోసం ఆరు నెలలు ప్రయత్నించాం. మొదటి మూడు నెలలు డ్రమ్స్ వాయించే ఒక కుర్రవాడు వచ్చాడు, తర్వాతి మూడు నెలలు ఒక పెద్దాయన మృదంగం తెచ్చుకుని వచ్చారు. ఇద్దరూ బాగా వాయించేవాళ్ళే. కానీ మేము కట్టుకున్న అవే నాలుగు పాటలు ఇద్దరి దగ్గరా పూర్తిగా వేరుగా వినిపించాయి. లయ వాద్యం మారితే పాట నడక మాత్రమే మారుతుందని అంతవరకు అనుకున్నాను. మిగతావాళ్ళు ఏ స్వరం వాయించవచ్చు, ఏది వాయించకూడదు అన్నది కూడా దాన్నిబట్టే మారిపోతుంది.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని జాజ్‌తో కలిపేవాళ్ళకు ఈ ప్రశ్నే లేదు. ఫ్రాన్స్‌లో జాక్ లూసియే 1959లో బాఖ్ రచనలను జాజ్‌గా వాయించడం మొదలుపెట్టినప్పుడు పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురే. మనకు హైదరాబాద్‌లో శాస్త్రీయం అంటే ముందు కర్ణాటకమే కాబట్టి మృదంగాన్ని పక్కన పెట్టేముందు బాగా ఆలోచించాలి.

ముందు శ్రుతి సంగతి. మృదంగం తాళ వాద్యమే అయినా దానికి కచ్చితమైన స్వరం ఉంది. కుడి మూత మధ్యలో ఉండే నల్లటి కరణి వల్ల అది షడ్జం పలుకుతుంది. కచేరీకి ముందు శ్రుతి చేస్తే చివరిదాకా అదే ‘స’ మోగుతూ ఉంటుంది. కర్ణాటక సంగీతంలో షడ్జం కదలదు కాబట్టి అది తంబూరాకు తోడు. జాజ్‌లో కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు, క్షణక్షణం మారతాయి, కొన్ని పాటల్లో శ్రుతే మారిపోతుంది.

పన్నెండు బార్ల (బారు అంటే కొన్ని దెబ్బల కొలత) బ్లూస్ అనే పాట కట్టునే తీసుకోండి. బారుకు నాలుగు దెబ్బల చొప్పున మొత్తం 48. ఎనిమిది దెబ్బల ఆదితాళంలో సరిగ్గా ఆరు ఆవర్తాలు. కార్డు మారే అయిదో బారు మూడో ఆవర్తం మొదట్లో పడుతుంది, తొమ్మిదో బారు అయిదో ఆవర్తం మొదట్లో పడుతుంది. లెక్క ఇంత చక్కగా కుదిరిందని మేమంతా సంబరపడ్డాం. తీరా వాయిస్తే తొమ్మిదో బారు దగ్గర ప్రతిసారీ చెవిలో ఏదో గీసుకున్నట్టు ఉండేది. పియానో శ్రుతి తప్పిందేమో అనుకుని రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాం. అసలు కారణం మృదంగం. అయిదో బారులో మధ్యమం మీద కట్టే కార్డులో ‘స’ పంచమంగా ఇమిడిపోతుంది, అక్కడ బాధ లేదు. తొమ్మిదో బారులో పంచమం మీద కట్టే కార్డులో కాకలి నిషాదం, అంటే ఎత్తు ‘ని’, ఉంటుంది. దానికి అరస్వరం పైనే మృదంగం ‘స’ అని మోగుతుంటే రెండూ ఒరుసుకుంటాయి.

మందు ఒకటి దొరికింది. ఆ కార్డులోంచి నిషాదం తీసేసి, ఆ చోట షడ్జమే పెట్టాం. జాజ్ వాళ్ళు దీన్ని సస్పెండెడ్ కార్డ్ అంటారు. రాపిడి పోయింది. కానీ ఆ చోట నిషాదం షడ్జం వైపు లాగే లాగుడు కూడా పోయింది. బ్లూస్ రుచి సగం ఆ లాగుడులోనే ఉంది. సాక్సఫోన్ వాయించే మా మిత్రుడు ఆ రోజంతా దిగులుగా కూర్చున్నాడు.

డ్రమ్స్‌తో ఈ గొడవే ఉండదు. వాటికి ఏ షడ్జంతోనూ పని లేదు కాబట్టి పియానో ఎక్కడికి వెళ్ళినా అడ్డు రావు. శ్రుతి మారే పాటలు ఎక్కువ వాయించేవాళ్ళు ఇక్కడే ఆగి డ్రమ్స్ ఎంచుకోవచ్చు.

ఇక స్వింగ్. జాజ్‌లో ఒక దెబ్బను రెండు సమభాగాలు చేయరు, మొదటిది పొడుగ్గా, రెండోది పొట్టిగా వాయిస్తారు. మనవాళ్ళు వెంటనే ‘తిశ్రగతే కదా’ అంటారు, అంటే దెబ్బను మూడు భాగాలు చేసే నడక. ‘తకిట’లో మొదటి రెండు అక్షరాలు కలిపి ఒకటి, మూడోది ఒకటి అనుకుంటే దాదాపు అదే. అయితే స్వింగ్‌లో ఈ నిష్పత్తి స్థిరంగా ఉండదు. వేగం పెరిగేకొద్దీ రెండు భాగాలూ సమానానికి దగ్గరవుతాయి. డ్రమ్స్ కుర్రవాడు రైడ్ సింబల్ అనే లోహపు పళ్ళెం మీద ఆ తేడాను ఆలోచించకుండానే వాయించేవాడు. మృదంగం పెద్దాయన తిశ్రంలో పెట్టి కచ్చితంగా వాయిస్తే లెక్కంతా ఒప్పే, ఊగు మాత్రం రాలేదు. స్వింగ్ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళకు మృదంగం నిరాశే.

కానీ అయిదు, ఏడు అక్షరాల తాళాల దగ్గరకు వచ్చేసరికి సంగతి తిరగబడింది. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో అయిదు దెబ్బల పాట వాయిస్తే జాజ్ లోకమంతా ఆశ్చర్యపోయింది. మనకు అయిదు అక్షరాల ఖండచాపు, ఏడు అక్షరాల మిశ్రచాపు చిన్నప్పటి నుంచి చేతిలో ఉన్నవే. మా ఏడు అక్షరాల పాటలో డ్రమ్స్ ప్రతి ఆవర్తం మొదటి దెబ్బనూ గట్టిగా గుర్తుచేస్తూ వచ్చింది, లేకపోతే మాకే టెన్షన్. మృదంగం వచ్చాక ఆ అవసరం పోయింది. పెద్దాయన మొదటి దెబ్బను దాటేసి మూడు నాలుగు ఆవర్తాల మీదుగా ఒక వాక్యంలా వాయించి, చివర ముక్తాయింపు అనే ముగింపు ముక్క మూడుసార్లు వేసి సరిగ్గా ఎత్తుగడకు, అంటే పాట మొదలయ్యే చోటుకు, దింపేవారు. బేస్ గిటార్ అబ్బాయి మొదటిసారి విన్నప్పుడు వాయించడం ఆపి చప్పట్లు కొట్టాడు.

జాజ్‌లో సోలో వాయించేవాళ్ళు నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు మార్చి మార్చి వాయించే పద్ధతి ఒకటుంది. కచేరీలో తాళ వాద్యాలు మాత్రమే వాయించే తనిలో మృదంగం, ఘటం విడతలు కురచ చేసుకుంటూ పోవడం దీనికి దగ్గరి చుట్టం. మేము సాక్సఫోన్‌కూ మృదంగానికీ అలా పెట్టాం. నాలుగు, రెండు, ఒకటి, చివర ముక్తాయింపు అందరం కలిసి. మా ఆరు నెలల్లో నాకు బాగా నచ్చిన పది నిమిషాలు అవే.

మృదంగంలో నేను వదులుకోలేనిది ఇంకొకటి ఉంది. మంచి మృదంగం వాయించేవాళ్ళు తాళానికి కాదు, పాటకు వాయిస్తారు. పాటలో సంగతి (ఒక పంక్తిని స్వరాలు మార్చి పాడే తీరు) ఎక్కడ విరిగిందో అక్కడ విరుస్తారు, వయొలిన్ గమకం సాగితే ఎడమ చేత్తో గుమికి అనే లోతైన నాదాన్ని సాగదీస్తారు. డ్రమ్స్ వాళ్ళలో కూడా పాటను అలా పట్టుకునేవాళ్ళు ఉంటారు, కాని కర్ణాటక రాగం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలియాలంటే ఆ కచేరీలు వినాలి. మా కుర్రవాడు అవి వినలేదు, తప్పు కూడా కాదు.

మోత సంగతి చెప్పకపోతే ఈ పోలిక అన్యాయమవుతుంది. మాలాంటి బృందాలు వాయించేది బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట, లేదంటే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, ఎక్కువసార్లు ఎవరింటి హాల్లోనో. చిన్న హాల్లో సింబల్ మోగితే వయొలిన్‌కు మైకు పెట్టాలి. మైకు పెట్టాక సన్నటి గమకాలు చదునైపోతాయి. కర్రలకు బదులు బ్రష్షులతో వాయిస్తే చాలావరకు సర్దుకుంటుంది. మోడర్న్ జాజ్ క్వార్టెట్ అనే బృందంలో కానీ కే (Connie Kay) అనే ఆయన అంత మెత్తగా డ్రమ్స్ వాయించేవారు. అలా వాయించడం గట్టిగా వాయించడం కన్నా కష్టం, నేర్పినవాళ్ళు కావాలి. అపార్ట్‌మెంట్‌లో సాధన అయితే డ్రమ్స్ మాట ఎత్తకండి.

మోసుకెళ్ళడంలో మృదంగానిదే గెలుపు. పెద్దాయన సంచిలో పెట్టుకుని మెట్రోలో వచ్చేసేవారు, డ్రమ్స్‌కు కారు కావాలి. కాకపోతే మృదంగానికి వాతావరణం సరిపడదు. జులై ముసురులో చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది, ఏసీ హాల్లో పొడిబారి ఎక్కుతుంది. పాటకూ పాటకూ మధ్య శ్రుతి సరిచేసుకోవడానికి టైమ్ ఉంచాలి.

రెండూ పెట్టుకుంటే పోలేదా అని చాలామంది అడుగుతారు. సాక్సఫోన్ వాయించే రుద్రేశ్ మహంతప్ప, కద్రి గోపాల్‌నాథ్ కలిసి చేసిన 2008 నాటి రికార్డులో పూవలూర్ శ్రీజీ మృదంగం, రాయల్ హార్టిగన్ డ్రమ్స్ రెండూ ఉన్నాయి. వయొలిన్ మన విజయనగరం కన్యాకుమారి గారిది. వినండి, అద్భుతం. అయితే వాళ్ళు ఏడుగురు, పైగా ఎవరు ఎప్పుడు తగ్గాలో తెలిసినవాళ్ళు. మేము ఒక ఆదివారం రెండూ పెట్టి చూశాం. మృదంగం ఎడమ మూత, బేస్ గిటార్, డ్రమ్స్‌లో కాలితో తొక్కే పెద్ద డ్రమ్, మూడూ కింది స్థాయిలోనే గుమిగూడి ఏదీ విడిగా వినపడలేదు. నలుగురైదుగురి బృందానికి రెండూ వద్దు.

మృదంగం, ఘటం లాంటి వాటితోనే దారి వేసుకున్నవాళ్ళు ముందే ఉన్నారు. 1970లలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్‌తో వచ్చిన శక్తి బృందంలో డ్రమ్ సెట్ లేదు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, మొదట్లో రామనాడ్ రాఘవన్ మృదంగం. తర్వాత ‘రిమెంబర్ శక్తి’ అయ్యాక పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ అందులో వాయించారు. వాళ్ళ దగ్గర పియానో లేదన్నది గమనించాలి. కార్డులు తగ్గించుకున్నారు కాబట్టే షడ్జం మోగుతున్నా ఒరుసుకోలేదు.

నా ఓటు మృదంగానికే. మీరు వాయించేవి ఎక్కువగా జాజ్ పాటలై, మధ్యలో ఒకటో రెండో రాగాలు వస్తే డ్రమ్స్ పెట్టుకోండి, కాని బ్రష్షులు పట్టడం వచ్చినవాళ్ళనే వెతకండి. రాగం మీద నిలబడి జాజ్ వైపు చేయి చాపే బృందమైతే మృదంగం పెట్టుకుని పియానోను తగ్గించుకోండి. స్వింగ్ లోటు ఉంటుంది, ఒప్పుకుంటున్నాను. ఆ లోటుకు బదులు వచ్చేది నా లెక్కలో ఎక్కువ.

మేము పెద్దాయననే ఉండమని అడిగాం, ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం రెండో శ్రుతిలో, అంటే పియానో మీద డిలో, శుద్ధ ధన్యాసి మొదలుపెడుతున్నాం. ఆ అయిదు స్వరాలూ బ్లూస్ వాళ్ళకూ బాగా అలవాటైనవే, అందులో కాకలి నిషాదం లేదు. మొదటి నాలుగు ఆవర్తాలు పియానో ఎడమ చెయ్యి స, ప తప్ప ఏమీ ముట్టుకోదు. అయిదో ఆవర్తంలో సాక్సఫోన్ వస్తుంది.