ఎంఏ మాస్ కమ్యూనికేషన్, గుంటూరు: చేరాలనుకునేవాళ్ళకి నా రివ్యూ

గుంటూరులో ఎంఏ మాస్ కమ్యూనికేషన్ చేశా, కాలేజీ పేరు వద్దులెండి, కోర్సు ఎలా ఉంటుందో చెప్తా. రిపోర్టింగ్ పేపర్ మాత్రం సూపరండీ, దానికోసమైనా చేరొచ్చు. మా సార్ క్లాసులో కూర్చోబెట్టకుండా మిర్చి యార్డుకి పంపేవారు, ఆ ఘాటుకి తుమ్ముతూ దగ్గుతూ టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య రైతుల్ని పట్టుకుని తేజ రకం క్వింటా ఎంతకి పోయింది, కమీషన్ ఎంత కోశారు అని అడిగి సాయంత్రానికల్లా వార్త రాసివ్వాలి. ఇంట్రోలో, అంటే వార్త మొదటి పేరాలో, ఎవరైనా "భారీగా పతనం" అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఎంత పడిందో అంకె వెయ్యమ్మా అనేవారు.

హిస్టరీ పేపర్ కూడా బావుంటుంది, మన దేశంలో తొలి అచ్చు పత్రిక, 1780 నాటి హికీ గెజిట్ నుంచి 1902లో బందరులో మొదలైన కృష్ణా పత్రిక దాకా, మన పక్కూరి సంగతి కాబట్టి ఇంకా ఇష్టంగా చదివా.

గొడవంతా ల్యాబ్‌తోనే. క్లాసు మొత్తానికి ఒకటే కెమెరా, ఎడిటింగ్ సిస్టమ్ ఆన్ చేస్తే హ్యాంగ్, ల్యాబ్ ఫీజు మాత్రం ప్రతి సెమిస్టర్ ముక్కుపిండి వసూలు చేశారు, అప్పు చేసి చదివే పిల్లలకి ఇది చాలా అన్యాయం. ఎడిటింగ్ మేమే ఫోన్లలో నేర్చుకున్నాం. పత్రికల డెస్కుల్లో పనికొచ్చే తెలుగు టైపింగ్, అనువాదం కూడా ఎవరూ నేర్పలేదు, ఇప్పట్నుంచే సొంతంగా మొదలుపెట్టండి.

ఫీజు కట్టే ముందు ల్యాబ్ తాళం తీయించి చూడండి, బ్రోచర్‌లో ఫోటోలు నమ్మొద్దు. నేనైతే ఐదుకి మూడు ఇస్తా, అందులో రెండు మా సార్‌కే.