18 నిండాక గార్డియన్‌షిప్ మేలా, ఆసరా మేలా?

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు 18 నిండిన సంగతి ఇంట్లోవాళ్లకు సాధారణంగా బ్యాంకులో తెలిసివస్తుంది. నిన్నటిదాకా మైనర్ ఖాతా మీద చెల్లిన తల్లి సంతకం ఇవాళ చెల్లదు. ‘గార్డియన్ సర్టిఫికెట్ తెండి’ అంటారు. అక్కణ్ణుంచి కలెక్టరేట్‌కు పరుగు. బ్యాంకు అడిగింది ఒక్క ఖాతా సంగతి. ఇంటికి వచ్చే కాగితాన్ని మాత్రం బట్టల దగ్గర్నుంచి ఆపరేషన్ దాకా అన్నిటికీ వాడేస్తారు. సోషల్ వర్కర్ ముందుగా విడదీయాల్సింది ఈ రెండింటినీ: ఏ నిర్ణయానికి కాగితం కావాలి, దేనికి అక్కర్లేదు?

దారులు నాలుగు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద పరిమిత గార్డియన్. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే చికిత్స నిర్ణయాల కోసం జబ్బు ఉన్న మనిషి తానే ఎంచుకునే ప్రతినిధి. నాలుగోది, ఎవరి చేతికీ అధికారం ఇవ్వకుండా ఆ మనిషే నిర్ణయించుకునేలా పక్కనుండి సాయపడటం. 2016 చట్టం 13వ సెక్షన్ దీన్నే సపోర్ట్ అంటుంది. ఇక్కడ ఆసరా అంటే ఇదే, పెన్షన్ కాదు.

ఎవరికి ఏది వర్తిస్తుందో తేల్చుకోకుండా బయల్దేరితే నెలలు వృథా. నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే. స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడి కోసం ఆ దరఖాస్తు పెట్టి లాభం లేదు. 2017 చట్టం మానసిక జబ్బులకు. మేధో వైకల్యాన్ని నిర్వచనంలోనే పక్కన పెట్టింది. ‘జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే పోలా?’ అని డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. రాసిచ్చే మనిషికి దాని అర్థం తెలియకపోతే అది మొదటిరోజు నుంచే చెల్లదు. రాసిచ్చాక మతి తప్పితే కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది.

ఇంకో మాట. సెరిబ్రల్ పాల్సీ వల్ల చెయ్యి కదలక సంతకం పెట్టలేని మనిషికి విషయం అంతా అర్థమవుతుంటే గార్డియన్ ఎందుకు? రిజర్వ్ బ్యాంకు సూచనల ప్రకారం వేలిముద్రో, కాలి బొటనవేలి ముద్రో వేస్తే చాలు. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. కౌంటర్లో ఈ సంగతి తెలియకపోతే మేనేజర్ దగ్గరికి వెళ్లి అడగాలి.

కలెక్టరేట్ దారి

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ను నియమించేది లోకల్ లెవెల్ కమిటీ. అందులో కలెక్టర్ స్థాయి అధికారి, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఉంటారు. తల్లిదండ్రులో, బంధువో ఫారం-ఏ పెడతారు. నియామకం ఫారం-బి రూపంలో వస్తుంది. కోర్టు వాయిదాలు లేవు, బ్యాంకులు ఒప్పుకుంటాయి. పెన్షన్, ఖాతా, బీమా వంటి పనులకు ఇదే దగ్గరి దారి.

చిక్కంతా దరఖాస్తు రాసే తీరులో ఉంది. గార్డియన్ అవసరమా, అవసరమైతే దేనికోసం అన్న రెండూ కమిటీ చూడాలని చట్టం చెబుతోంది. రెండోదాని దగ్గర చాలామంది ‘అన్ని విషయాలకు’ అని రాసేస్తారు. అలా కాకుండా ‘ఫలానా బ్రాంచిలో ఫలానా ఖాతా నడపడానికి, ఫలానా సర్వే నంబరు భూమి కౌలు వ్యవహారం చూడటానికి’ అని రాస్తే మిగతా జీవితం ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. సర్టిఫికెట్ వచ్చాక ఆరు నెలల్లో ఆస్తులు, అప్పుల జాబితా ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ నెలాఖరులోగా లెక్కలు చూపాలి. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి బీరువాలో పెట్టేశాక ఈ రెండూ గుర్తుండవు.

దీని అసలు లోపం వేరు. గార్డియన్ హింసించినా, పట్టించుకోకపోయినా, ఆస్తి కాజేసినా తొలగించమని అడగడానికి నేషనల్ ట్రస్ట్ చట్టం 17వ సెక్షన్ తల్లిదండ్రులకు, బంధువులకు, రిజిస్టరైన సంస్థకు వీలిచ్చింది. ఎవరి కోసమైతే గార్డియన్‌ను పెట్టారో ఆ మనిషే వచ్చి ‘నాకు ఈయన వద్దు’ అనే దారి ఆ సెక్షన్లో లేదు. 2016 చట్టంలో ఉంది: సపోర్ట్ ఇచ్చేవారిని మార్చుకోవచ్చు, వద్దనుకోవచ్చు. అప్పటికే బయటివాళ్లతో జరిగిన లావాదేవీలు మాత్రం రద్దు కావు.

పరిమిత గార్డియన్

2016 చట్టం 14వ సెక్షన్ ప్రకారం జిల్లా కోర్టు గానీ, రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన అధికారి గానీ నియమిస్తారు. ఇక్కడ గార్డియన్, ఆ మనిషి కలిసి నిర్ణయం తీసుకోవాలి. ఒక నిర్దిష్ట పనికి, ఒక గడువుకు, ఆ మనిషి ఇష్టానికి లోబడి నడవాలి. వేరే ఏ చట్టం కింద నియమితుడైన గార్డియన్ అయినా ఇకపై పరిమిత గార్డియన్‌గానే నడుచుకోవాలని ఇదే సెక్షన్ చెబుతుంది. కలెక్టరేట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లూ ఇందులోకే వస్తారు. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్నా, ఇది ఎంతమంది గార్డియన్ల చెవిన పడిందో అనుమానమే.

కోర్టంటే ఖర్చు, కాలం. అయినా భూమి పంపకం దగ్గర ఈ దారే నయం. తండ్రి పోయాడు, ముగ్గురన్నదమ్ములు, చిన్నవాడికి మేధో వైకల్యం. పెద్దన్నే గార్డియన్, తమ్ముడి వాటా కొనేదీ పెద్దన్నే అయితే తమ్ముడి పక్షాన మాట్లాడేదెవరు? ప్రయోజనాలు ఢీకొన్న లావాదేవీలో సపోర్ట్ ఇచ్చే మనిషి తప్పుకోవాలని 13వ సెక్షన్ అంటుంది. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన అనుమానించకూడదనీ అంటుంది. అందుకని ఆ ఒక్క రిజిస్ట్రేషన్‌కు వాటాతో సంబంధం లేని మేనమామనో, మరొకరినో పరిమిత గార్డియన్‌గా అడగాలి.

నామినేటెడ్ రిప్రజెంటేటివ్

ఇది నాలుగింటిలో తేలిక. తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు; ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చికిత్స నిర్ణయాల వరకే చెల్లుతుంది, బ్యాంకులో పనికిరాదు. మనిషి బాగా ఉన్న రోజుల్లోనే రాయించాలి. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేర్చే రాత్రి తీరిక ఉండదు. 2017 చట్టం 89వ సెక్షన్ కింద ఈ రిప్రజెంటేటివ్ దరఖాస్తుతో చేర్చినా 30 రోజులు దాటి ఉంచడానికి వేరే ప్రక్రియ కావాలి.

కాగితం లేని ఆసరా

దీనికి ఖర్చు లేదు, ఓపిక కావాలి. ‘ఇతనికి డబ్బు విలువ తెలుసా?’ అనేది ప్రశ్నే కాదు. ‘పెన్షన్లోంచి నెలకు 500 తన దగ్గర ఉంచుకుంటాడా, ఎక్కడ దాచుకుంటాడు?’ అన్నది ప్రశ్న. తెలంగాణలో 4,016, ఆంధ్రలో 6,000 రూపాయల వికలాంగ పెన్షన్ వస్తున్నప్పుడు మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. నోట్లు బల్ల మీద పరచండి. ఇది నీ బస్సుకు, ఇది టీకి, ఇది అమ్మకు అని విడదీసి చూపండి. హాస్టల్ గురించైతే ఫొటోలు సరిపోవు, వెళ్లి చూడాలి, వీలైతే వారం ఉండి రావాలి.

ఒకసారికి రెండే ఎంపికలు చూపించాలి. మూడు రోజులయ్యాక అవే రెండు, వరస తిరగేసి మళ్లీ అడగాలి. రెండుసార్లూ చివర విన్నదే చెబితే అది ఎంపిక కాదు, మీ మాట తిరిగి వినిపించడమే. మాట రానివారికి బొమ్మల కార్డులు ఇచ్చేటప్పుడు అన్నం, టీవీ, పార్కు కార్డులే ఇచ్చి ఊరుకుంటారు. ‘వద్దు’, ‘తెలియదు’, ‘తర్వాత’ అనే కార్డులు లేకుండా ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. మూర్ఛ మందు వేసుకుని మత్తుగా ఉన్న వేళ అడగకండి.

తెలుగిళ్లలో ప్రశ్నను చంపేసేది ‘కదా’. ‘ఇంట్లోనే బాగుంటుంది కదా నాన్నా?’ అంటే జవాబు మీరే ఇచ్చేశారు. ఇక ‘మీ ఇష్టం’. పెద్దల ముందు మర్యాదగా అనే ఆ మాటను ఒప్పుకోలుగా రాసుకున్న కేసు ఫైళ్లకు లెక్కలేదు. అది విన్నప్పుడు తల్లి ఉండగా ఒకసారి, ఆ మనిషి సరేనంటే తల్లి లేకుండా ఒకసారి అడగండి. జవాబు మారితే రెండూ రాసుకోండి. రికార్డులో తేదీ, అడిగిన ప్రశ్న అక్షరాలా, చూపిన ఎంపికలు, వచ్చిన జవాబు (సైగ అయితే ఆ సైగ), గదిలో ఎవరున్నారు అన్నవి ఉండాలి. మీ అభిప్రాయానికి గడి వేరుగా ఉండాలి. అన్నట్టు, 28 ఏళ్ల మనిషిని ‘బాబు’ అని పిలుస్తూ మీ నిర్ణయం చెప్పండంటే ఆయన నమ్మడు.

‘తప్పు నిర్ణయం తీసుకుంటే?’ అని తల్లులు అడుగుతారు. న్యాయమైన భయమే. ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన నిర్ణయించే శక్తి లేదనకూడదని 2017 చట్టం చికిత్స విషయంలో చెప్పింది. ఆచరణలో కొలత ఒకటి: వెనక్కి తీసుకోగలమా? నాసిరకం ఇయర్‌ఫోన్స్‌కు 300 పోస్తే పోనివ్వండి. భూమి రిజిస్ట్రేషన్, అప్పుకు హామీ సంతకం, ఆపరేషన్ అయితే ఆగండి, రెండో మనిషిని పిలవండి.

ఆపరేషన్ దగ్గర గార్డియన్లు తరచూ పొరబడతారు. నెలసరి కష్టమని ఆడపిల్లకు గర్భసంచి తీయించడానికి గార్డియన్ సంతకం సరిపోతుందనుకుంటారు. సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమూ ఆమె స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోనిదే చేయకూడదని 2016 చట్టం 10వ సెక్షన్. అంతకుముందే, 2009లో చండీగఢ్ కేసులో, స్వల్ప మేధో వైకల్యం ఉన్న యువతి గర్భం ఉంచుకుంటానంటే సుప్రీంకోర్టు ఆమె మాటనే నిలబెట్టింది.

ఆసరా బలహీనత కూడా చెప్పాలి: చూపించడానికి కాగితం లేదు. అమెరికాలోని టెక్సాస్‌లో 2015 నుంచి దీనికో ఒప్పంద పత్రం ఉంది. ఇద్దరు సాక్షుల ముందో, నోటరీ ముందో సంతకం చేస్తే చాలు. డాలస్ వైపు తెలుగు కుటుంబాలు గార్డియన్‌షిప్ పిటిషన్ వేసే ముందు అది చూసుకోవాలి. మన 2016 చట్టం సపోర్ట్ అన్న మాట చెప్పింది గాని, నమూనా పత్రం ఇవ్వలేదు.

కాబట్టి రోజువారీ బతుకు, చదువు, పని, చెయ్యి ఖర్చులకు ఆసరాయే మేలు. ఖాతాకు మరో దారి దొరక్కపోతే ఆ ఖాతా వరకే కలెక్టరేట్ సర్టిఫికెట్. వాటాల గొడవ ఉంటే కోర్టు, పరిమిత గార్డియన్. మానసిక జబ్బు చికిత్సకు తెల్ల కాగితం. ఇప్పటికే ‘అన్ని విషయాలకు’ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు దాన్ని చింపేయనక్కర్లేదు. జూన్‌లోగా లెక్కలు ఇచ్చేటప్పుడు, ఆ ఏడాది ఆ మనిషి తానుగా తీసుకున్న నిర్ణయాలు రాసిన కాగితం ఒకటి జత చేసి, ఇక గార్డియన్ అవసరం లేని విషయాలను తీసేయమని కమిటీని అడగవచ్చు.