బురద బండికి స్ప్రే క్లీనరు: 14 నెలలు వాడిన తర్వాత

నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిని. ఉండేది నల్లగొండలో, తిరిగేది కనగల్ మండలంలోని ఊళ్లలో. రోజుకు 60 కిలోమీటర్లకు తక్కువ కాకుండా నడిచే నా నల్ల స్ప్లెండర్‌కు వానాకాలంలో నాట్ల కోసం నీళ్లు పెట్టి దున్ని కరిగెట చేసిన పొలాల రేగడి బురద, యాసంగి కోతలప్పుడు కొనుగోలు కేంద్రాల వడ్ల దుమ్ము, మిగిలిన రోజుల్లో చెల్క దారుల ఎర్రమట్టి పడుతూనే ఉంటాయి. ఏ మురికైనా రుద్దకుండానే పోతుందని సీసా మీద రాసిన మాటను నమ్మి గత ఏడాది జూన్‌లో ఒక స్ప్రే క్లీనరు కొన్నాను. పదిహేను రోజులకొకసారి కడిగే లెక్కన ఇప్పటికి లీటరు సీసాలు మూడు అయిపోయాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పేది ఆ ఒక్క సీసా గురించి కాదు, నురగలా కొట్టి నీళ్లతో కడిగేసే ఈ రకం మందుల గురించి.

వాడే పద్ధతి సులువుగానే ఉంటుంది. బండిని తడపాలి, మందు కొట్టాలి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి, ఆరకముందే కడిగేయాలి. మొదటిసారి మా వాకిట్లో ఈ పని చేస్తుంటే పక్కింటి పెద్దమనిషి గోడ మీది నుంచి చూసి, "ఏం సారూ, బండికి గూడ మందు గొడుతున్రా? ఏం పురుగు వట్టింది?" అని అడిగారు. నవ్వులాట పక్కన పెడితే, గాలికి ఎదురుగా కొట్టవద్దని, చేతులకు తొడుగులు వేసుకోవాలని రైతులకు నేను రోజూ చెప్పే జాగ్రత్తలు దీనికీ వర్తిస్తాయి. చెప్పేవాడిని నేనే అయినా, తొడుగులు లేకుండా రెండుసార్లు వాడినందుకు నా వేళ్ల చర్మం పొడిబారి పొట్టు లేచింది.

జిడ్డు మీద ఈ మందు పనితనం ఎంతో తేల్చుకుందామని, నాట్ల సమయంలో వారం పాటు పొలాల వెంట తిరిగి వచ్చిన బండి వెనక చక్రాన్ని రెండు సగాలుగా చేసుకుని, ఒక సగానికి స్ప్రే కొట్టి, రెండో సగాన్ని మామూలు షాంపూ నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. షాంపూ వైపు, స్పోకులు రిమ్ములో దిగే చోట పేరుకున్న నల్లటి చైన్ జిడ్డు బ్రష్‌కు అంటుకుని పక్క స్పోకుకు పూసుకుందే తప్ప పోలేదు. స్ప్రే వైపు నిమిషం గడవకముందే తెల్లటి నురగ డికాషన్ రంగుకు మారి, స్పోకుల వెంట సన్నటి ధారలుగా జారింది. రెండు మగ్గుల నీళ్లు పోయగానే కింద లోహం మెరిసింది. గ్రీజుకు నీళ్లు అంటవు గనుక వట్టి నీళ్లు ఎన్ని పోసినా లాభం లేదు. మందులోని క్షారం, సబ్బు లాంటి పదార్థాలు ఆ జిడ్డును చిన్న చిన్న బిందువులుగా విడదీసి నీళ్లలో కలిసేలా చేస్తాయి. గేరు రాడ్డు వెనక, చైన్ స్ప్రాకెట్ మూత చుట్టూ ఏళ్ల తరబడి తారులా గట్టిపడిన ముద్దకు మాత్రం రెండు విడతల మందు, దానితో పాటు బ్రష్ కూడా అవసరమయ్యాయి.

రేగడి బురద సంగతి వేరు. మడ్‌గార్డు లోపల ఎండి రాయిలా బిగిసిన రేగడి మీద ఎంత మందు కొట్టినా పైపొర తడిసిందే గాని లోపలికి దిగలేదు. నీళ్లు పీల్చుకుని ఉబ్బడం ఆ మట్టి స్వభావం కాబట్టి, తడిపిన గోనెసంచిని అరగంట పాటు చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య కుక్కి ఉంచితే పెళ్లలు పెళ్లలుగా అదే ఊడి వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

రుద్దే పనే లేదన్న గొప్ప ట్యాంకు దగ్గర తేలిపోయింది. కడిగిన తర్వాత తడిగా ఉన్నంతసేపు ట్యాంకు అద్దంలా కనిపించింది; ఆరిన తర్వాత వేలితో గీస్తే గీత పడింది. సన్నటి దుమ్ము పొర ఏదైనా గుడ్డ తాకితే తప్ప వదలదు. అలాగని ముందే గుడ్డ పెడితే ఎర్రమట్టిలోని ఇసుక రేణువులు నల్ల రంగు మీద సాలెగూడు లాంటి గీతలు పెడతాయి. అందువల్ల మొదట పైపుతో ధారాళంగా నీళ్లు పోసి మట్టిని జార్చి, ఆ తర్వాత షాంపూ నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడవడమే మేలని తేలింది. పైగా ఈ మందు ట్యాంకు మీద రాసిన పాలిష్‌ను కూడా జిడ్డుగానే భావించి తీసేస్తుంది.

అయితే మా ప్రాంతంలో ఈ మందు మంచిచెడ్డలను తేల్చేది చాలావరకు చివర పోసే నీళ్లే. మా ఇంట్లో బోరు నీళ్లూ ఉన్నాయి, నల్లాలో కృష్ణా నీళ్లూ వస్తాయి. మొదటి రెండు నెలలు బోరు నీళ్లతోనే కడిగాను. ఆరిన ప్రతిసారీ ట్యాంకు మీద, సైడు డబ్బాల మీద సున్నం చుక్కలు చల్లినట్టు, ఒక్కో చుక్క అంచున తెల్లటి ఉంగరంతో మరకలు తేలేవి. మందు సరిగా పోలేదేమో అనుకుని మళ్లీ కొట్టి మళ్లీ అదే నీళ్లతో కడిగేవాడిని, మరకలు రెట్టింపయ్యేవి. నల్లగొండ పేరు చెప్పగానే ఫ్లోరైడు గుర్తుకొస్తుంది గనుక మా కాలనీలో ఈ మరకలను కూడా దాని ఖాతాలోనే వేస్తారు. నిజానికి ఇది నీళ్ల కఠినత్వం వల్ల వచ్చేది: నీరు ఆవిరైపోతే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు రంగు మీదే మిగిలిపోతాయి. ఆ లవణాలే సబ్బును కూడా విరిచేస్తాయి.

ఇప్పుడు మట్టి జార్చడానికి, మందు కడగడానికి బోరు నీళ్లు వాడుతున్నాను. చివర ఒక బకెట్ కృష్ణా నీళ్లు మగ్గుతో పైనుంచి పోసి, ఆరనివ్వకుండా వెంటనే పిండిన గుడ్డతో తుడుస్తున్నాను. ఆ మరకల బెడద పోయింది. పాతవాటికి నకిరేకల్ వైపు నుంచి వచ్చిన నిమ్మకాయలే పనికొచ్చాయి: రసంలో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో అద్ది, నిమిషంలోపే కడిగేస్తే సున్నం కరిగిపోయింది. ఇంజను అల్యూమినియం మీద మాత్రం నిమ్మరసం పడనివ్వకూడదు.

అల్యూమినియం మాట వచ్చింది గనుక నా తప్పు కూడా చెప్పాలి. మే నెలలో ఒక మధ్యాహ్నం కొనుగోలు కేంద్రం నుంచి వచ్చి, ఒళ్లంతా వడ్ల నూగుతో దురద పెడుతుంటే బండి, నేను ఒకేసారి శుభ్రమైపోదామన్న తొందరలో, పది నిమిషాలైనా ఆగకుండా వేడి ఇంజను మీద మందు కొట్టాను. చుయ్యిమని ఆవిరి లేచింది, నేను పైపు అందుకునేలోపే నురగ ఎండిపోయింది. కిక్ రాడ్డు పక్కనున్న క్లచ్ కవరు మీద కారిన ధారల ఆకారంలోనే బూడిద రంగు మచ్చలు మిగిలాయి. అవి నిమ్మకూ పోలేదు, మెకానిక్ రాసిన పాలిష్‌కూ పోలేదు. ఇంజను మీద అరచేయి పెట్టి ఉంచగలిగేంత చల్లబడిన తర్వాతే, అదీ నీడలోనే, ఈ మందు కొట్టాలి.

చైను మీద కొడితే పాత జిడ్డుతో పాటు నూనె కూడా పోతుంది. మరుసటి రోజే కీచుమంటుంది, వానాకాలమైతే తుప్పు కూడా పడుతుంది. ఆరబెట్టి 90 గేర్ ఆయిల్ వేయాల్సిందే. డిస్కు బ్రేకు ఉన్న బండ్లవారు ఆ బిళ్ల మీద పడకుండా చూసుకోవాలి.

ఖర్చు విషయానికి వస్తే, నేను కొన్న సీసా 450 రూపాయలు. బండి మొత్తానికి కొట్టిన రోజుల్లో ఐదు కడుగుళ్లకే అయిపోయింది, అంటే కడుగుకు 90 రూపాయలు. వాటర్ సర్వీసింగ్‌లో మా దగ్గర 100 రూపాయలు తీసుకుంటారు, ఇక ఇంత శ్రమ ఎందుకనిపించింది. ఇంజను, చక్రాలు, చైన్ కవరు వరకే పరిమితం చేసుకున్న తర్వాత ఒక సీసా పన్నెండుసార్లు వస్తోంది, కడుగుకు 38 రూపాయలు కూడా కావడం లేదు. కొందరు చక్రాలకు కొట్టే డీజిల్ ఇంతకంటే చౌక అన్నది నిజమే గాని, అది మిగిల్చే జిడ్డు పొర మళ్లీ కనగల్ చేరేలోపే దుమ్మును పట్టుకుంటుంది, రబ్బరు భాగాలను కూడా పాడు చేస్తుంది.

రెండో సీసా స్ప్రే మూత నాలుగో నెలలో బిగుసుకుపోయింది. మొదటి సీసాది పారేయకుండా ఉంచుకోవడం వల్ల పని గడిచింది. ఇప్పుడు వాడిన ప్రతిసారీ మూతను మంచినీళ్లలో పెట్టి నాలుగుసార్లు నొక్కి దాస్తున్నాను. నాట్లు ఇంకా సాగుతున్నాయి గనుక నాలుగో సీసా తెచ్చుకున్నాను. ట్యాంకుకు మాత్రం రెండు రూపాయల షాంపూ ప్యాకెట్టే వాడుతున్నాను.